రేవుకు పోయిన వెల్డర్

నాగేశానికి ఓపిక తక్కువ. సిద్దిపేటలో ముప్పై ఏళ్లుగా రైస్ మిల్లు నడుపుతున్నాడు, ఏనాడూ అది ఒక పూటకు మించి ఆగింది లేదు. అదంతా తన గొప్పే అనుకునేవాడు. మిల్లు వెనక సందులోనే బేరింగుల దుకాణం, మోటార్లు చుట్టేవాడు, అందరినీ మించి వెల్డర్ సిద్ధయ్య ఉన్నారన్న సంగతి ఆయనకు తట్టనే లేదు.

మొదటిసారి బియ్యం విదేశానికి పంపే అవకాశం వచ్చింది. తోటి మిల్లర్లంతా పాత రేవుకే పోతారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఈయన కొత్త రేవును పట్టుకున్నాడు. క్రేన్లు పెద్దవి, రద్దీ ఉండదు అని ఆ రేవు ఏజెంటు చెప్పాడు. రద్దీ ఎందుకు లేదో ఈయన అడగలేదు.

సరుకు చేరిన బుధవారమే, సంచులను ఓడలోకి ఎక్కించే బెల్టు షాఫ్టు విరిగింది. ఓడ శనివారం వెళ్లిపోతుంది. అందులో బియ్యం ఎక్కకపోతే బేరం పోయినట్టే.

"షాఫ్టు అతికేటోడు లేడా గాడ?" నాగేశం ఫోన్లో అరిచాడు.

"చెన్నై నుంచి రావాలండీ. ఆదివారం వస్తానన్నాడు," అన్నాడు ఏజెంటు.

"గంత పెద్ద క్రేన్లు పెట్టిన్రు, పక్కకు ఒక్క వెల్డింగ్ దుకాణం లేదా? పాత రేవు గేటు ముంగట అడుగుకో వర్క్‌షాపు ఉంటదంట!"

"అక్కడ అన్నీ ఉన్నాయండీ. ఇక్కడ సముద్రం ఒక్కటే ఉంది."

నాగేశానికి ఒళ్లు మండిపోయింది. గురువారం పొద్దున్నే సిద్ధయ్యను కారెక్కించాడు.

"నేనెన్నడు సముద్రం చూడలే సేటూ," అన్నాడు సిద్ధయ్య.

"నిన్ను సముద్రాన్ని అతకమంటలేను. షాఫ్టు అతుకు చాలు."

శుక్రవారం మధ్యాహ్నానికి బెల్టు తిరిగింది. సంచులన్నీ ఓడెక్కాయి. నాగేశం ఊపిరి పీల్చుకునే లోపే సిద్ధయ్య చుట్టూ జనం మూగారు. ఒకరిది కంటైనర్ తలుపు, ఇంకొకరిది లారీ కమాను, మరొకరిది పడవ చుక్కాని.

"రెండు దినాలాగి వస్త సేటూ," అన్నాడు సిద్ధయ్య. నాగేశం తల ఊపాడు. ఆయన చేసిన తప్పల్లా అదే.

రెండు రోజులు రెండు నెలలయ్యాయి. రేవు గేటు ముందు సిద్ధయ్య షెడ్డు లేచింది. ఆ పక్కనే బేరింగుల దుకాణం వాడి తమ్ముడు కొట్టు తెరిచాడు. "మీ పుణ్యమా అని మా దగ్గర ఏ ఓడా ఆలస్యం కావడం లేదండీ!" అని ఏజెంటు ఫోన్ చేసి మరీ పొగిడాడు.

అప్పటికి నాగేశం మిల్లులో వడ్లను పైకెత్తే ఎలివేటర్ షాఫ్టు విరిగి మూడో రోజు; దాన్ని అతికే చెయ్యి ఊళ్లో ఇంకొకటి లేదు. రెండో ఓడకు పంపాల్సిన బియ్యానికి వడ్లు ఇంకా సగం ఆడించనే లేదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. పళ్లు నూరుకుంటూ సిద్ధయ్యకు ఫోన్ చేశాడు.

"తప్పక వస్త సేటూ," అన్నాడు సిద్ధయ్య, వెనక సుత్తి దెబ్బలు వినపడుతుండగా. "గీడ జర తీరిక లేదు. ఆదివారం వస్త."

ఈ ఓడ కూడా శనివారమే వెళ్లిపోతుంది.