జీడి ఫ్యాక్టరీ రొద కింద గొంతు

2002లో పలాస స్టేషన్ రోడ్డులో నాకు క్యాసెట్ల రికార్డింగు, టేపురికార్డర్ల రిపేరు షాపు ఉండేది. జీడి ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసే నీలయ్య తీరిక దొరికితే అక్కడే కూర్చునేవాడు. ఒకసారి అతనికి ఎవరో కాపీకి ఇచ్చిన విదేశీ క్యాసెట్ వినిపించాను. ఒక వైపు, డప్పూ తీగా లేకుండా కరెంటు వాయిద్యాలతోనే పాటలు కట్టిన తొలి బృందాల్లో ఒకదాని పాటలు. రెండో వైపు, వాళ్ళ దారిలో వచ్చినవాళ్ళు ఇనుము మోతకు చిందు కలిపిన ‘ఇండస్ట్రియల్ డాన్స్’.

“ఇది మా ఫేట్రీ సప్పుడే కదా బావా! దీనికి కూడా ఆడతారేటి?” అన్నాడు నీలయ్య.

ఆ తరవాత పనికి టేపురికార్డర్ పట్టుకెళ్ళేవాడు. మరుసటి ఏడు కిడ్నీ జబ్బుతో పోయాడు.

కొన్నాళ్ళకు అతని భార్య కాంతమ్మ ఆ టేపురికార్డర్‌తో, అందులో అతను రికార్డు చేసిన క్యాసెట్‌తో వచ్చింది.

“అన్నా, ఇందులో మిసన్ల కింద ఎవులో ఆడమనిసి ఏడుత్తంది. దెయ్యం, సముద్రంలో పడెయ్యంతంది మాయత్త. ఆయన సేత్తో సేసింది ఇదొక్కటే మిగిలింది. పారెయ్యడానికి మనసు రాదు, ఇంట్లో ఉంచితే బయ్యం.”

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. బాయిలర్ బుసలు. కట్టింగ్ మిషన్ల టకటక, తాళం తప్పకుండా. వాటి అడుగున, నూతిలోంచి వస్తున్నట్టు, సన్నటి మూలుగు. మోత తగ్గినప్పుడల్లా అది దగ్గరికొస్తోంది. మిట్టమధ్యాహ్నం, ఎదురుగా ఆటోలు తిరుగుతున్నాయి. అయినా ఒళ్ళు గగుర్పొడిచింది.

టేపురికార్డర్ మూత విప్పాను. పాత రికార్డింగును చెరిపే భాగాన్ని ఎరేజ్ హెడ్ అంటాం. దానిమీద కాగితం ముక్క శ్రద్ధగా మడిచి అంటించి ఉంది. అలా చేస్తే పాతది పూర్తిగా చెరగదు, కొత్తది దానిమీద పడుతుంది. నీలయ్య కావాలనే చేశాడు.

బొంగురు చప్పుళ్ళనూ కీచు చప్పుళ్ళనూ విడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌తో బాయిలర్ రొద తగ్గించి, స్పీకర్‌లో పెట్టాను. మూలుగు కాస్తా జోలపాటైంది.

కాంతమ్మ పెదవులు పాటతోపాటే కదిలాయి.

“ఇది నేనే అన్నా! పాపని పడుకోబెడతంటే... ఎప్పుడు పట్టేడో!”

“మిసన్ల మోత తగ్గించి, నీ గొంతు పెంచి కాపీ సెయ్యమంటావా సెల్లీ?”

“వొద్దన్నా. ఆయన ఎక్కడెట్టేడో అక్కడే ఉండనీ.”

మొత్తం రొదతోనే మళ్ళీ పెట్టించుకుంది. ఈసారి ఆమె చూపుడువేలు బల్లమీద టకటకలకు తాళం వేస్తోంది.

రొద తగ్గించడం నా పని. ఏది రొదో చెప్పాల్సింది మాత్రం క్యాసెట్ తెచ్చినవాళ్ళేనని ఆ మధ్యాహ్నం తెలుసుకున్నాను.