ఆకలి కానివ్వని డ్రమ్ము

పదో తరగతితో బడి మానేసి కుట్టుమిషను ముందు కూర్చున్నాను. మిగతా చదువంతా కొత్తగూడెం గ్రంథాలయంలోనే సాగింది. దారాలకూ లైనింగు గుడ్డకూ బజారుకు వెళ్లిన ప్రతిసారీ అక్కడ ఒక పూట కూర్చుని, ఒక పుస్తకం సంచిలో వేసుకుని టేకులపల్లి బస్సెక్కుతాను. మా వీధిలో ఎవరికి ఏ సందేహం వచ్చినా, పూర్తిగా అడగకముందే నేను జవాబు చెప్పేస్తానని పేరు. ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

ఈ వానాకాలం మిరప నాట్లకు సాయంగా జూలూరుపాడు దగ్గర అన్నావదినల ఊరు వెళ్లాను. అన్న లారీ నడుపుతాడు, ఇంటి పట్టున ఉండడు. చేను పనంతా వదినదే. పోయిన ఏడాది చేలో వాలుగా ఉన్న మూలన మొక్కలు పచ్చగా ఉండగానే తలలు వాల్చి ఎండిపోయాయట. అక్కడ మొదలైన తెగులు సగం చేనును తినేసిందట. ఈసారి మూల దగ్గరే దాన్ని ఆపాలని వదిన పట్టుదల. రైతు వేదికలో వ్యవసాయశాఖ సారు చెప్పిన పద్ధతి నేర్చుకుని వచ్చింది. వేళ్లను కాపాడే బ్యాక్టీరియా పొడిని బెల్లం నీళ్ల డ్రమ్ములో కలిపి, పల్చటి గుడ్డ కప్పి, పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పాలి. నురగ పొంగుతుంది. అది అణిగాక ఇంకో రోజు ముట్టకుండా ఉంచి, ఆ నీళ్లు మొక్కల మొదళ్లలో పోయాలి.

అప్పుడు నా సంచిలో ఉన్నది సూక్ష్మజీవుల గురించిన ఇంగ్లీషు పుస్తకం. నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుతున్నాను. పొడి ప్యాకెట్ మీది పేరు, పుస్తకంలో ఒక అధ్యాయం పేరు ఒకటే అని చూసేసరికి నా కాలు నేల మీద నిలవలేదు.

ఆ అధ్యాయం నిజంగానే అబ్బురంగా ఉంది. ఈ బ్యాక్టీరియాకు తిండి ఉన్నంతకాలం ఒకటి రెండుగా చీలుతూ పెరగడమే పని. తిండి తగ్గితే మాత్రం లోపల ఒక ఆలోచనలాంటిది మొదలవుతుంది. ఒక ప్రోటీను చిన్న ఫాస్ఫేటు ముక్కను ఇంకోదానికి అందిస్తుంది, అది మరోదానికి. చివర ఉన్న పెద్ద ప్రోటీను దగ్గర ఆ ముక్కలు తగినన్ని పోగుపడితేనే నిర్ణయం జరిగినట్టు. మధ్యలో వాటిని ఊడబెరికే ప్రోటీన్లు వేరే ఉంటాయి. తిండి నిజంగా అయిపోయిందా, చుట్టూ తనవాళ్లు కిక్కిరిసి ఉన్నారా, తన జన్యువుల నకలు సరిగ్గా పూర్తయిందా, ఇవన్నీ చూసుకోవడానికే ఈ సాగతీత. అన్నీ కుదిరితే కణం మధ్యకు కాకుండా ఒక పక్కకు అడ్డుగోడ కట్టుకుంటుంది. ఆ చిన్న గది చుట్టూ పొర మీద పొర కప్పి, పెద్ద గది తాను పగిలిపోతుంది. మిగిలేది సిద్ధబీజం. ఎండకూ కరువుకూ చావదు, తిండి దొరికితే మళ్లీ లేస్తుంది. ఒక దశ దాటాక ఆ పని వెనక్కి తిరగదు. సుద్దముక్కతో గీసిన గీతను చెరిపి మళ్లీ గీయొచ్చు, కత్తెర పడ్డాక గుడ్డను అతకలేం. నాకది అలా అర్థమైంది.

అర్థమైనందుకు ఊరుకున్నానా? మర్నాడు డ్రమ్ము చూడడానికి వచ్చిన ఆడవాళ్లను నిలబెట్టి అంతా చెప్పాను.

"అంటే తిండి అయిపోతే ముసుగు తన్ని పండుకుంటయన్నట్టు," అంది పక్కింటి పెద్దమ్మ. "మా ఇంట్ల ఒకాయన ఉన్నడు బిడ్డా. తిన్నా పండుకుంటడు, తినకున్నా పండుకుంటడు. గాయన ఏ జాతి?"

అందరూ నవ్వారు. వదిన నవ్వుతూనే, "మా ఆడబిడ్డ అంటే ఏమనుకున్నవ్? లైబ్రరీ మొత్తం తాగేసింది," అంది. ఆ మాటకు నేను పొంగిపోయిన తీరు ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

నురగ అణిగింది. చెప్పినట్టే ఒక రోజు ఆగాం. తెల్లారి పెద్దమ్మ క్యాను పట్టుకుని వచ్చింది. "కూతురి ఇంటికి పోవాలె, బస్సుకు టైమయితాంది. నా వంతు జల్దీ ఇయ్యి," అంది. వదిన నింపి ఇచ్చింది.

ఆమె వెళ్లాక డ్రమ్ములోకి తొంగి చూశాను. బుడగ కూడా లేదు. ఆకలేసి పడుకున్నాయి అనుకున్నాను. అక్కడే నా చదువు నన్ను తప్పుదారి పట్టించింది. కాదు, చదువు సరిగ్గానే చెప్పింది, తప్పుదారి పట్టింది నేను.

"వదినా, ఇంకింత బెల్లం వెయ్యాలె," అన్నాను.

"సారు ముట్టద్దన్నడు గదనే."

"నిద్రవోయినోళ్లు వేర్లకు ఏం కావలి గాస్తరు? లేపి, మంచిగ తినవెట్టి తోలాలె."

వదిన ఒక్క క్షణం తటపటాయించింది. మా ఇంట్లో గడప దాటే మనిషిని ఖాళీ కడుపుతో పంపే అలవాటు లేదు. కోడలిగా వచ్చినప్పుడు మా అమ్మ ఆమెకు మొదట నేర్పిందే అది. చేతిలో ముద్ద పెట్టుకునైనా వెళ్లాలి. "అవ్ తియ్," అని నవ్వింది. "మనింట్ల నుంచి ఆకలి మీద పనికి పోయినోళ్లు ఎవరున్నరు?"

బెల్లం వేశాం. పడుకున్నవి లేచాయి. నురగ పొంగింది. అణిగినప్పుడల్లా ఇంకో పిడికెడు వేశాను. పాపకు అన్నం తినిపిస్తున్నంత సంబరం నాది. ఇక మొదళ్లలో పోద్దామనుకునేసరికి ముసురు పట్టింది. చేలోకి కాలు పెడితే మోకాలి దాకా దిగుతోంది. నీళ్లన్నీ క్యాన్లకు పట్టి, మూతలు బిగించి, మోటారు షెడ్డులో రేకుల కింద పెట్టాం. వాన వెలిశాక ఎండ మండిపోయింది. బురద ఆరి కాలు పెట్టేందుకు వీలయ్యేసరికి క్యాన్లు ఉబ్బి ఉన్నాయి. మూత తిప్పితే బుస్సుమంది. వాసనకు వదిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"గిట్లనే ఉంటదా?" అని అడిగింది.

"పులిసింది, అంతే," అన్నాను. ఆ మాటను నేనే నమ్మలేదు.

వాలు మూలన అప్పటికే కొన్ని మొక్కలు తలలు వాల్చాయి. నా మాటే నిజమని చూపించాలనే ఒక పరీక్ష పెట్టాను. పెద్దమ్మ కూతురి ఇంటి నుంచి అప్పుడే వచ్చింది. ఆమె ఇంటి దగ్గర వదిలి వెళ్లిన క్యాను కూడా అదే ఎండలో, అలాగే మూత బిగించే ఉంది. ఆమె దగ్గర ఒక గ్లాసు, మా క్యానులోంచి ఒక గ్లాసు తీసి, వేర్వేరు కుండల్లో బెల్లం నీళ్లలో కలిపాను. పెద్దమ్మ కుండలో తెల్లారేసరికి మొదటి రోజు డ్రమ్ములాగే నురగ పొంగింది, తడి మట్టి వాసన వచ్చింది. మా దాంట్లో జిగురు తేలింది, అదే కుళ్లు వాసన.

పెద్దమ్మవి ఆకలితో సిద్ధపడి, పొరలు కప్పుకుని బయలుదేరాయి. మావాటిని నేను సిద్ధపడనివ్వలేదు. పడుకున్నవాటిని లేపి మరీ, పొట్ట నింపి, వేడి క్యానులో పెట్టి చంపాను.

"నీళ్లకేం రోగమొచ్చిందో మరి," అంది పెద్దమ్మ రెండు కుండలూ చూసి. వదిన నా వైపు చూడలేదు. "క్యాను సరిగ కడగలే పెద్దమ్మా, నాదే తప్పు," అంది.

అప్పుడు నేను నోరు తెరవాల్సింది. ప్రతిదానికీ ముందే జవాబు చెప్పే మనిషిని, కుండల వైపు చూస్తూ నిలబడ్డాను. వదిన పెద్దమ్మ దగ్గర ఒక చెంబెడు అడిగి తీసుకుని డ్రమ్ము మళ్లీ మొదలుపెట్టింది. అది పాకానికి వచ్చేలోపు మూలంతా పోయింది. ఎండిన మొక్కలు ఇద్దరం పీకాం. సమయానికి పోసి ఉంటే ఆ మూల బతికేదని ఖాయంగా ఎవరూ చెప్పలేరు, తెగులు అంతకుముందే మట్టిలో ఉండొచ్చు. ఈ వాదన కూడా నేను పుస్తకంలో వెతికిందే. వెతికానన్నదే నాకు ఇంకా సిగ్గుగా ఉంది.

పీకుతుండగా, "క్యాన్లు నువ్వు మంచిగనే కడిగినవ్ వదినా. బెల్లమే, నేను వేసిన బెల్లమే," అన్నాను.

"తెలుసు," అంది, మొక్క దులుపుతూ. "గామె ముంగట నిన్నేమంటనే?"

రెండో డ్రమ్ములో నురగ అణిగిన రోజు టీ పెడదామని వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి పక్కన ఎప్పుడూ ఉండే బెల్లం డబ్బా లేదు. తలెత్తి చూస్తే అటక మీద, నా చెయ్యి అందనంత లోపలికి నెట్టి ఉంది. వదిన గుమ్మంలో నిలబడి నేను చూడడం చూసింది.

"చక్కెర వేసుకో," అంది మెల్లగా.

చక్కెరే వేశాను. ఇద్దరం టీ గ్లాసులు పట్టుకుని వెళ్లి డ్రమ్ము పక్కన కూర్చున్నాం. లోపల బుడగ లేదు. గుడ్డ కప్పి ఉంది, నేను ఎత్తలేదు.