మా బ్యాండులో పాడిన మేనత్త

పోయిన బుధవారం పొద్దున కర్నూల్లో పనికి బయల్దేరుతుంటే మేనత్త కొడుకు, మా బావ ఫోన్ చేశాడు. ఆరేళ్ళుగా నాతో మాట్లాడని మనిషి. "అమ్మ పోయింది. కాఫీ తాగి మంచం మీద ఒరిగింది, అంతే. నువ్వొస్తావు గదా," అన్నాడు.

మా మేనత్త మీలో కొందరికి తెలిసే ఉంటుంది, మనిషిగా కాకపోయినా గొంతుగా. మా బ్యాండు పాటల్లో వినిపించే ఆ ముసలి గొంతు ఆమెదే.

కాలేజీ రోజుల్లో మేం నలుగురం ఒక జపాన్ పంక్ బ్యాండు పిచ్చిలో పడ్డాం. నేను డ్రమ్స్ కొట్టేదాన్ని. మొదట్లో ఆ బ్యాండు హార్డ్‌కోర్ తప్ప ఇంకేం వాయించలేదు. ఒకటిన్నర నిమిషంలో అయిపోయే పాట, ఒకటే పరుగు, ఒకటే అరుపు. తర్వాత వాళ్ళ గాయకుడు తన తల్లి పుట్టిన ఊరికి పోయి, జాలర్లు వలలు లాగుతూ పాడే పాటలు నేర్చుకొచ్చాడు. వాటిని, ఒక పెద్ద తోలు డోలును తెచ్చి ఆ అరుపుల మధ్యలో పెట్టాడు. పాత అభిమానులు సగం మంది వదిలేసి పోయారు. బ్యాండువాళ్ళు మాత్రం మానలేదు. చిన్న చిన్న హాళ్ళలో ఇరవై ఏళ్ళు అలాగే వాయించారు.

ఒక వేసవిలో ఎర్రగుంట్ల పక్కన అత్త ఊళ్ళో, వాళ్ళ పాట ఒకటి ఫోన్లో వింటున్నాను. అత్త చేటలో బియ్యం ఏరుతోంది.

"ఎవురు పాపా, అట్ల గొంతు చించుకుంటాండారు?"

"జపానోళ్ళు అత్తా."

వల పాట మొదలయ్యేసరికి ఆమె చెయ్యి ఆగింది. "ఇది బరువు లాగేవాళ్ళ పాట," అంది. "మాట తెలీకపోతే ఏమి? యాడ ఊపిరి పీలుస్తాండారో తెలుస్తాండాది గదా."

వయసులో ఉన్నప్పుడు అత్త నాపరాళ్ళ గనిలో పనిచేసింది. మగవాళ్ళు గడ్డపారలు వేసి బండ లేపేటప్పుడు, అందరి బలం ఒక్కసారే పడేట్టు పిలుపు పాడేది. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. చేట ఒళ్ళో పెట్టుకునే పాడి వినిపించింది. నాలుగే మాటలు. పక్కింటామె తడి చేతులతో వచ్చి గడపలో నిలబడింది. పాట అయ్యేదాకా కదల్లేదు.

బతిమాలి కర్నూలుకు తీసుకొచ్చాను. మేం సాధన చేసే రేకుల షెడ్డులో చెవుల్లో దూది పెట్టుకుని, మేం వాయించిందంతా విని, "బాగానే కొట్లాడుకుంటాండారు," అంది. ఆ తర్వాత మాతో పాడడానికి వచ్చినప్పుడల్లా సంచిలో వేయించిన శనక్కాయలు తెచ్చేది. స్టేజీ ఎక్కేముందు చెప్పులు విడిచేది. చూసి చూసి మేమూ విడవడం మొదలుపెట్టాం.

వేగం పెంచమంటే మాత్రం వినేది కాదు. ఒకరోజు మా గిటార్ అబ్బాయి మరీ పట్టుబట్టాడు. నేనూ వాడితో కలిసి డ్రమ్స్ పరిగెత్తించాను. అత్త పాట ఆపేసింది.

"తొందర పెట్టద్దండి. ఒకసారి తొందరగా పిలిచినా," అంది.

నేను కర్రలు కింద పెట్టాను.

"లారీ నిలబడుండాదని మేస్త్రీ అరుస్తాండాడు. మీ మామ ఇంకా కాలు ఊనుకోలా, ఊపిరి తీసుకోలా. నేను పిలిచినా. మిగతావాళ్ళు లేపినారు. బండ ఆయన మీదికి జారింది."

మామ గనిలో పోయాడని తెలుసు గానీ, ఎలా పోయాడో ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు, చేట ఒళ్ళో పెట్టుకుని నాకు వినిపించిన రోజుదాకా, ఆమె పాడలేదట. చర్చిలో కూడా పాటలప్పుడు నోరు మూసుకునే నిలబడేదట. నీ తప్పు కాదత్తా అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"అది నువ్వు చెప్తే పొయ్యేది కాదులే అమ్మీ. కొట్టు. నేను ఊపిరి తీసుకున్నంక కొట్టు."

డ్రమ్స్ గురించి ఎంతోమంది ఎన్నో చెప్పారు. నాకు పనికొచ్చింది ఆ ఒక్క మాటే.

అత్త పాడిన మొదటి పాట బయటికొచ్చిన వారం బావ షెడ్డుకు వచ్చాడు. "ఆ పిలుపుతోనే మా నాయన పోయినాడు. నువ్వు దాన్ని మైకులో పెడ్తాండావు," అన్నాడు. అత్త లేచింది.

"దాన్ని అనద్దురా. పాడేది నేను. పాడకుండా ఉన్నన్నాళ్ళూ మీ నాయన ఆ బండ కిందనే ఉన్నట్టుండె నాకు."

బావ వెళ్ళిపోయాడు. తల్లిని మాత్రం ఎప్పటిలాగే చూసుకున్నాడు, పాట సంగతి ఎత్తకుండా. నాతో మాట మానేశాడు.

మరుసటి ఏడాది ఆ జపాన్ బ్యాండు బెంగళూరుకు వచ్చింది. మేం పంపిన పాట విని, తమకంటే ముందు మమ్మల్ని వాయించమన్నారు. మధ్యాహ్నం మైకులు సరిచూసుకుంటుంటే వాళ్ళ గాయకుడు వచ్చి అత్త పక్కన తన డోలు ముందు కూర్చున్నాడు. అరవై దగ్గర పడిన మనిషి, గొంతు బొంగురుపోయింది. అత్త పిలిచింది. అతను కర్ర ఎత్తి, ఆమె భుజాలు లేచి దిగేదాకా ఆగి, అప్పుడు కొట్టాడు. ఎవరూ చెప్పలేదు అతనికి.

"చూడు, ఈయప్పకు తెలుసు," అంది నాతో. దిగేటప్పుడు అతని చెయ్యి పట్టుకుని, "ఏమప్పా, గొంతు ఇట్ల పాడు చేసుకుంటివి? మిరియాల పాలు తాగు," అని తెలుగులోనే చెప్పింది. ఏం అర్థమైందో గానీ అతను నడుం దాకా వంగి నమస్కారం పెట్టాడు. ఆ సాయంత్రం మేం ఎంత బాగా వాయించామో, అంత బాగా మళ్ళీ ఎప్పుడూ వాయించలేదు.

తర్వాత ఉద్యోగాలొచ్చి బ్యాండు చెదిరిపోయింది. జపాన్ వాళ్ళు ఇంకా వాయిస్తూనే ఉన్నారు. అత్త ఊరికి చేరి, చర్చిలో ముందు వరసలో నిలబడి పాడేదని, సమాధి దగ్గర పాస్టరమ్మ చెప్పింది.

మట్టి వేశాక అందరూ కదిలారు. బావ నా దగ్గరికి వచ్చి, నేల చూస్తూ అడిగాడు.

"ఆ పాట నీ ఫోన్లో ఉండాదా?"

"ఉండాది బావా."

"కార్లో పెట్టు."

ఫోన్‌ను కారు స్పీకర్లకు కలిపి, పాట పెట్టి ఇచ్చాను. నన్ను ఎక్కమనలేదు. తలుపు వేసుకుని అద్దాలు ఎక్కించాడు. నేను ప్రహరీ పక్కన ఎండలో నిలబడ్డాను. గిటార్ల మోత అద్దాల్లోంచి సన్నగా వచ్చి, ఆగిపోయింది. అత్త పాడే చోటు వచ్చిందన్నమాట. బయటికేమీ వినపడలేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని, ఎదురుగా గోడ వైపు చూస్తూ, బావ పెదవులు కదుపుతున్నాడు.