చెల్లె చేతి మీద పిట్ట

మొన్న ఆదివారం మనవరాలు నన్ను పిట్టల పార్కుకు తీసుకుపోయింది. వల కట్టిన పెద్ద పందిరి, అందులో చెట్లు, చెట్ల నిండా పేరు పలకడానికి నోరు తిరగని దేశాల పిట్టలు. పసుపుపచ్చ పిట్ట ఒకటి వచ్చి మనవరాలి భుజం మీద వాలింది. నా భుజం ఖాళీగానే ఉంది. తొంభైకి దగ్గరపడ్డ ముసలిది మనవరాలిని చూసి కుళ్లుకోవడమేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనీ, నాకు మాత్రం కడుపు మండింది. "అవ్వా, గిట్లాంటియి ఎప్పుడన్న చూసినవా?" అని అడిగితే "లే" అన్నాను. అది అబద్ధం. పిట్టల గురించి నేను ఆడిన అబద్ధాల్లో అది మొదటిదీ కాదు.

మాది మేడ్చల్. నేను చెప్పేది నిజాం రాజ్యంలో, పెద్ద యుద్ధం నడుస్తున్న రోజుల సంగతి. మా బాపుది ధాన్యం వ్యాపారం. వారం వారం శామీర్‌పేట అంగడికి బండి కట్టేవాడు, పనిలో పనిగా అక్కడి జాగీర్దారు తోటకు కొర్రలు, సామలు దింపి వచ్చేవాడు. ఆ తోటలో మనుషులకంటే పిట్టలే ఎక్కువ. యుద్ధానికి ముందు సింగపూరు దిక్కు నుంచి ఓడల్లో తెప్పించినవట. ఇంట్లో పిల్లలం నేనూ, చెల్లే. చెల్లె అంటే మా చిన్నబాపు బిడ్డ. గత్తర, అంటే కలరా, వచ్చి తల్లీతండ్రీ ఒకే వారంలో పోతే బాపు తెచ్చి మా అమ్మ ఒళ్లో పెట్టాడు. నాకంటే ఏడాది చిన్నది. ఏది పెడితే అది తినేది, ఏనాడూ మారాం చేసేది కాదు. ఆ మంచితనమే నాకు గిట్టేది కాదు. దాన్ని బాపు "బంగారం" అని పిలిచేవాడు, నన్ను మాత్రం పేరు పెట్టి పిలిచేవాడు.

ఒకసారి కీసరగుట్ట శివుడి గుడికి పోతూ దారిలో తోట చూపిస్తానన్నాడు బాపు. ఊరు దాటితే కొత్త బట్ట కట్టాల్సిందేనన్నది మా ఇంటి పద్ధతి. అమ్మ నాకు ఎర్ర పట్టు లంగా కట్టి, చేతుల నిండా గాజులు వేసింది. చెల్లె కోసం పెట్టెలోంచి ఇంకో లంగా తీస్తే "అది గూడ నాదే" అని గుంజుకున్నాను. చెల్లె నేను విడిచిన పాత లంగాతోనే బండెక్కింది. ఉతికి ఉతికి ఆ లంగా మట్టి రంగుకు తిరిగింది.

తోటలో గదంత పంజరం ఉంది. తలుపు తీయగానే అందరికంటే ముందు నేనే జొరబడ్డాను. అంతే, పిట్టలన్నీ ఒక్కసారి లేచి జాలీకి కొట్టుకున్నాయి. పిట్టలను సాకే చాచా గుండెలు బాదుకుంటూ వచ్చాడు. "అరె బేటా, జల్దీ బయటికి రా! గా ఎర్ర బట్ట జూసి నా పిట్టలు పరేషాన్ అయితున్నయి!" ఆయనకు నాలుగు కుర్తాలుంటే నాలుగూ ఒకే బూడిద రంగు గుడ్డతో కుట్టించుకున్నాడట. పండుగనాడైనా కొత్త బట్టతో పంజరంలోకి పోడట. నేను బయట నిలబడి జాలీ పట్టుకుని చూస్తుంటే, పాత లంగాలో చెల్లె లోపలికి పోయి చేయి చాపింది. బొటనవేలంత నీలం పిట్ట ఒకటి వచ్చి ఆ చేతి మీద కూర్చుని కొర్రలు తిన్నది. బాపు రెప్ప వేయకుండా చూశాడు. నన్ను ఆయన అట్లా ఎన్నడూ చూడలేదు.

"సావుకారూ, నా పెద్ద చేతులకు గీ సన్న పిట్టలు బెదురుతయి. అంగడికి వచ్చినప్పుడల్ల గీ బిడ్డను తోల్కరా," అన్నాడు చాచా. బాపు సరేనన్నాడు. అంటే ఇక వారం వారం బండి మీద బాపు పక్కన చెల్లె కూర్చుంటుంది, నేను ఇంట్లో కూర్చుంటాను.

కీసరగుట్ట మీద ఎటు చూసినా లింగాలే. చెల్లెకు జ్వరం రావాలని దొరికిన ప్రతి లింగానికీ మొక్కాను, ఒకరు వినకపోయినా ఇంకొకరు వింటారని. ఎవరూ వినలేదు. ఇక నా తిప్పలు నేనే పడ్డాను. ఇల్లు చేరాక అమ్మతో, "చెల్లెకు పిట్టలంటే భయమట, బాపుకు చెప్పనీకి సిగ్గుపడుతాంది," అన్నాను. బాపు దాన్ని పిలిచి అడిగాడు. అది నా మొహం చూసింది. తర్వాత తల వంచుకుని, "అవు పెదబాపూ, నాకు భయమే. అక్కను తోల్కపో," అన్నది.

అట్లా దాని ఒంటి మీది మట్టి రంగు లంగా అడిగి తొడుక్కుని, బాపు పక్కన నేనే కూర్చుని పోయాను. మూడు అంగళ్లు పోయాను. చేయి నొప్పి పుట్టేదాకా చాపినా ఒక్క పిట్టా వాలలేదు. "బట్ట మారిస్తే అయితదా బేటా, నిమ్మళంగ నిలవడాలె," అనేవాడు చాచా. నిమ్మళం నా దగ్గరెక్కడిది? నాలుగో వారం బాపు నన్ను రమ్మనలేదు. ఆ మూడు వారాలూ బండి దిగగానే చెల్లె ఎదురొచ్చి, "వచ్చిందా అక్కా?" అని అడిగేది. "నెత్తి మీద గూడ కూసున్నది," అనేదాన్ని. రోజంతా అడిగి అడిగి చెప్పించుకునేది, నేనూ ముక్కుల దగ్గరి నుంచి తోకల దాకా అల్లి చెప్పేదాన్ని.

దాని పెళ్లయి అత్తవారింటికి పంపే పొద్దున, జడ వేస్తుంటే నాకు ఆగలేదు. "భయమని నేనే చెప్పిన," అన్నాను.

"ఎరుకనే అక్కా."

"మరెందుకు ఊకున్నవ్?"

"నేను పోతే నువ్వు నాతోని మాట్లాడకపోతుంటివి. నువ్వు పోతే, వచ్చి నాకన్ని చెప్తివి గదా."

ఒక్క పిట్టా రాలేదని అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. చెల్లె పోయి పన్నెండేళ్లయింది. కాలం నా దగ్గర్నుంచి బాపును, అమ్మను, చెల్లెను, కంటిచూపులో సగాన్ని పట్టుకుపోయింది గానీ కుళ్లును మాత్రం నాకే వదిలేసింది. అప్పుడు దాని చేతి మీది పిట్టను చూసి కుళ్లుకున్నాను, ఇప్పుడు దాని మనసు తలుచుకుని కుళ్లుకుంటున్నాను.