ఎర్ర గీతకు జానెడు కింద

నిన్న పొద్దున తొర్రూరు బస్టాండ్‌లో టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది. సోమ్లా సార్ వాగులో పోయాడని.

రిపోర్టర్‌ని. ఏ వార్తనైనా ఇద్దరిని అడిగి నిర్ధారించుకుంటాను. నిన్న నాలుగో మనిషికి కూడా ఫోన్ చేశాను, ఎవరో ఒకరు కాదంటారని.

ఎవరూ అనలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. సోమ్లా నా డిగ్రీ ఫ్రెండ్. కొత్తగూడ వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో సైన్స్ టీచర్. ఇల్లు వాగుకు ఇవతల తండాలో. బడి అవతల.

ప్రాజెక్టులతో పాఠాలు చెప్పాలని మానుకోటలో ట్రైనింగ్ ఇచ్చినప్పుడు చాలామంది టీచర్లు థర్మాకోల్, చార్టులు కొనుక్కుని వెళ్లారు. సోమ్లా మాత్రం తొమ్మిదో తరగతి పిల్లల్ని అడిగాడు, మిమ్మల్ని బడికి రానీయకుండా ఆపేది ఏమిటని.

వాగు, అన్నారు.

అదే ప్రాజెక్టు అయింది.

పిల్లలు ఎండిన కొబ్బరికాయను నీళ్లలో వదిలి వేగం లెక్కగట్టారు. పాత వరదలు ఎంత ఎత్తు వచ్చాయో తండాలో ముసలివాళ్లను అడిగారు. గ్రాఫ్ గీశారు. చివరికి వాగు దాటే సిమెంటు దారి, అదే కాజ్‌వే, పక్కనున్న రాతి స్తంభం మీద ఎర్ర పెయింట్‌తో ఒక గీత వేశారు. నీళ్లు దాన్ని తాకితే ఎవరూ దాటొద్దు.

బ్రష్ పట్టి ఆ గీత వేసింది జ్యోతి అనే అమ్మాయి.

ఒడ్డున చిన్న హోటల్ నడిపే రాములు ఆ రోజు నవ్వాడట.

"ఏంది సారూ, రంగేస్తే వాగు ఆగుతదా?"

"వాగు ఆగదు బాపూ. మనం ఆగుతం."

పోయినేడు వానల్లో నీళ్లు గీత దాటాయని పిల్లలు ఒక పెళ్లి ట్రాక్టర్‌ను ఆపేశారు. పెళ్లికొడుకు తిట్టిన తిట్లన్నీ సోమ్లా నాకు ఫోన్లో ఒక్కటి వదలకుండా వినిపించాడు, నవ్వుకుంటూ. కాసేపటికే ఓ పెద్ద చెట్టు మొదలు అదే కాజ్‌వే మీదుగా కొట్టుకుపోయింది. అప్పటి నుంచి గీత చూడందే రాములే ఎవరినీ పోనివ్వలేదు.

అంత నమ్మకం కుదిరింది.

మొన్న రాత్రి పైన అడవిలో గట్టి వాన.

వానాకాలంలో సోమ్లాకు ఒక పద్ధతి ఉంది. ముందు తను దాటాలి. అవతల నుంచి చెయ్యి ఊపాకే పిల్లలు కదలాలి. నిన్న కూడా అలాగే దిగాడు.

నీళ్లు గీత కిందే ఉన్నాయి.

సగం దూరంలో కాలి కింద స్లాబు కూలింది. దాని అడుగున మట్టి ఎప్పుడు కోసుకుపోయిందో ఎవరికీ తెలియదు. పైకి సిమెంటు మామూలుగానే కనిపిస్తుండేది.

పిల్లలు ఒడ్డు మీద నిలబడి చూశారు.

నేను వెళ్లేసరికి రాములు పొయ్యి వెలిగించలేదు. బయట బల్ల మీద కూర్చున్నాడు.

"సార్‌తోని నేను గూడ చూసిన బిడ్డా. గీతకు జానెడు కిందనే ఉండె నీళ్లు. పో సారూ, ఏం గాదని నేనే అంటి."



ఈ రోజు అంత్యక్రియల దగ్గర గీత చెరిపేయాలన్నారు కొందరు. ఇక ప్రాజెక్టులు వద్దు, పుస్తకం చదివిస్తే చాలన్నారు ఇంకొందరు. జ్యోతి అన్నీ వింటూ నిలబడింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"మా గీత తప్పా అంకుల్?"

నాకు తెలిసింది చెప్పాను. గీత నీళ్ల ఎత్తు చెప్పింది, సరిగ్గానే చెప్పింది. కింద రోడ్డు మిగిలిందో లేదో చెప్పడం దాని పని కాదు. అది చూడాల్సిన పెద్దవాళ్లెవరూ చూడలేదు.

ఆ అమ్మాయి తల ఊపింది. నమ్మిందని అనుకోను.

ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది.

ఆ గీత ఫొటో టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో చాలా తిరిగింది. భూపాలపల్లి అడవి ఊళ్లలో, జనగామ వైపు కూడా కొన్ని బడుల పిల్లలు అలాగే గీతలు వేశారు. సోమ్లా మురిసిపోయాడు. ఏయే వాగుల మీద వేశారో నిన్నటి నుంచి అడుగుతున్నాను. పూర్తిగా తెలిసినవాళ్లు దొరకలేదు.

ఇది టైప్ చేస్తుంటే మళ్లీ వాన మొదలైంది. రేపు బడి ఉంది.

మీ ఊళ్లో అలాంటి గీత ఉంటే, నీళ్లు దాని కింద ఉన్నా సరే, కాజ్‌వే అడుగు భాగం ఇంజనీర్లు వచ్చి చూసేదాకా పిల్లల్ని దాటనివ్వకండి. ఈ పోస్ట్ మీ బడి టీచర్‌కు ఇప్పుడే పంపండి.

సోమ్లా, నీ తండా పిల్లలందరూ ఇవతలి ఒడ్డునే ఉన్నారు. ఒక్కొక్కరినీ చూసి వచ్చాను.

నిమ్మళంగా పండుకో.