దుడ్డె మేసిన మల్లె

శాలిబండలో బుచ్చమ్మకు కన్నుకుట్టనిది అంటూ ఏదీ లేదు. తోడికోడలి ఇంట్లో పాలమీద మీగడ మందంగా కడితే ఈమెకు ఇక్కడ అన్నం సహించేది కాదు. చెల్లెలి ముక్కుపుడక తనదానికంటే మెరుస్తోందని ఆ చెల్లెలి పెళ్ళి పందిట్లోనే అలిగి కూర్చున్న మనిషి. భర్త కృష్ణయ్య సైకిలుకు పాలక్యాన్లు కట్టుకుని బయల్దేరుతూ, "కండ్లల్ల గన్ని నిప్పులు పోసుకోకే, కండ్లు పోతయ్" అని నవ్వేవాడు. ఆయన పోయాక అలా నవ్వి ఆపేవాళ్ళు కూడా లేకుండా పోయారు.

అంతటి మనిషికీ ఒక్క విషయంలో మాత్రం ఎవరిని చూసీ ఏడవాల్సిన పని ఉండేది కాదు. అది పెరట్లో, బర్రెల కొట్టం పక్కన ఉన్న గుండుమల్లె. ఎండాకాలం ముదిరి, మలక్‌పేట రోడ్ల మీద తురాయిలు ఎర్రగా విరగబూసి, ఖాళీ జాగాల్లో జిల్లేళ్ళు ఎవరూ అడగకుండానే పూసే రోజుల్లో, ఆ చెట్టుకు పూల కింద ఆకు కనపడేది కాదు. గల్లీలో ఏ ఆడపిల్ల ఫంక్షనైనా పూలజడకు మొగ్గలు బుచ్చమ్మవే, అల్లే చెయ్యీ బుచ్చమ్మదే. పైసా తీసుకునేది కాదు. పొగడ్తలు మాత్రం నిలబెట్టి వసూలు చేసేది.

ఆ చెట్టుకు కత్తి తగలనిచ్చేది కాదామె. పూలిచ్చే తల్లిని కోస్తారా అని కళ్ళెర్రజేసేది. చలికాలంలో బర్రెలు మెడలు చాచి ఆకంతా దూసి తినేసినప్పుడు మాత్రం, వాటి వంశాన్నంతా తిడుతూ కర్ర పుచ్చుకుని వెంటపడేది.

పెద్దాసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన రాహేలు ఎదురింట్లో దిగినప్పుడు, గేటు పక్కన నాటుకోవడానికి ఆ మల్లె కొమ్మను ఇచ్చింది బుచ్చమ్మే. దానం చేసేటప్పుడు ఆమె చాలా గొప్పగా ఉంటుంది. ఆ కొమ్మ బతకదని లోపల కొంచెం నమ్మకం కూడా ఉంది. అది బతికింది. పెరిగింది. కిందటి ఎండాకాలం ఓ మోస్తరుగా పూసింది కూడా. పాలకు వచ్చిన ఒకావిడ చెంబు అందుకుంటూ ఊరికే ఉండక, "రాహేలు మల్లె వాసన గల్లీ మలుపు కాడికే వస్తుంది బుచ్చమ్మా" అంది. ఆ రోజు ఆమె చెంబులో పాలు తక్కువ పడ్డాయి.

బుచ్చమ్మ ఊరుకోలేదు. కొడుకు వేణుగోపాల్ వెంటపడి తన చెట్టు చుట్టూ ఇనుప జాలీ కట్టించింది, ఇక ఏ బర్రె మూతీ తగలకుండా. బుట్టలకొద్దీ పెంట ఎరువు పోసింది. పొద్దునా సాయంత్రం బిందెలు గుమ్మరించింది. అంతటితో కడుపుమంట చల్లారలేదు. క్రిస్మస్‌కు రాహేలు సైదాబాద్‌లో కూతురింటికి వెళ్ళింది. మిట్టమధ్యాహ్నం గల్లీలో ఎవరూ లేని వేళ చూసి, బుచ్చమ్మ దుడ్డెను విప్పి ఎదురింటి గేటులోకి తోలింది. బర్రెదూడ అయినా దానికి ఆకలి పెద్ద బర్రెది. పుల్లలు తప్ప ఏమీ మిగల్చలేదు. బుచ్చమ్మ దాన్ని బయటికి లాగి, అలవాటు కొద్దీ గేటు గడియ పెట్టి, కొంగు దులుపుకుని ఇంటికొచ్చింది.

రాహేలు తిరిగొచ్చి, పుల్లలన్నీ తడిమి చూసి, బుచ్చమ్మ గోడ దగ్గరికి వచ్చింది. "ఏ గొడ్డు మేసిందో ఏమో అక్కా" అంది.

"రోడ్డు మీద తిరుగుతయ్ గదా, ఏం జేస్తం" అంది బుచ్చమ్మ. పాపం అన్నట్టు నాలుక కూడా చప్పరించింది.

వైశాఖం వచ్చింది. జాలీలో బుచ్చమ్మ చెట్టు ఏపుగా, నల్లటి పచ్చగా, తమలపాకంత ఆకులతో నిగనిగలాడుతూ నిలబడింది. మొగ్గ మాత్రం లేదు. ఆకులెత్తి చూసింది, దిష్టి తీసింది, ఇంకో బిందె పోసింది. ఎదురింటి పుల్లలకేమో ఆకు కంటే మొగ్గే ఎక్కువ. పొద్దున్నే తలుపు తీస్తే ఆ తెలుపే కళ్ళల్లో పడేది. తను ఇచ్చిన కొమ్మే తనను వెక్కిరిస్తోందని ఆమె కడుపు రగిలిపోయింది.

అదే నెలలో మనవరాలు సోనీ చీర ఫంక్షన్. మార్కెట్ పువ్వు నా మనవరాలి తలను తాకదని కోడలి పుట్టింటివాళ్ళ ముందు బుచ్చమ్మ ఎప్పుడో గొప్పలు పోయింది. ఇప్పుడు వాళ్ళంతా వస్తున్నారు.

"రాహేలమ్మ చెట్టు నిండ ఉన్నయ్ గదా నానమ్మా, అడిగితే ఇయ్యదా?" అంది సోనీ.

"నోరు ముయ్యి. ఆమె పూలు పెట్టుకునే ఖర్మ మనకేంది?"

అడగక్కర్లేకుండానే ఫంక్షన్ పొద్దున రాహేలు వచ్చింది. తడిగుడ్డ కప్పిన బుట్టతో, చుట్టాలంతా కూర్చున్న వేళ సరిగ్గా ఇంటి నడిమధ్యకు వచ్చింది. "చెట్టూ నీదే, పిల్లా నీదే. అల్లే చెయ్యి నాకు లేదక్కా" అంటూ బుట్ట ముందు పెట్టింది.

వద్దంటే పరువు పోతుంది. బుచ్చమ్మ సూదీ దారం పట్టుకుని కూర్చుంది. బలంగా, గుండ్రంగా ఉన్నాయి మొగ్గలు. తన చెట్టు మంచి వయసులో కూడా ఇలాంటివి ఇవ్వలేదు. కసిగా సూదికి గుచ్చడం మొదలుపెట్టింది.

"సచ్చిందనుకున్న చెట్టు గిట్ల ఎట్ల పూసిందో!" రాహేలు పక్కన కూర్చుని చుట్టాలకు చెబుతోంది. "చలికాలంల మల్లెను దూసి వదిలెయ్యాల్నంట. ఆకు పోతేనే మొగ్గొస్తదట. ఎరువు, నీళ్ళు ఎక్కువైతే ఉత్త ఆకే పెరుగుతదట. నాకేం ఎరుక? గొడ్డు మేసింది, మస్తు పూసింది."

బుచ్చమ్మ చేతిలో సూది ఆగిపోయింది. ఇన్నేళ్ళూ కర్ర పుచ్చుకుని తరిమిన బర్రెలు, జాలీ, బిందెలు, ఆ మిట్టమధ్యాహ్నం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. తన చెట్టుకు తానే మొగ్గ రాకుండా చేసి, శత్రువు చెట్టుకు తానే సేవ చేసింది.

జడ అద్భుతంగా కుదిరింది. "ఎవరింటి పూలు బిడ్డా?" అని అడిగిన ప్రతి ఒక్కరికీ సోనీ జడ ముందుకు వేసుకుని, "రాహేలమ్మ ఇంటియి" అని చెప్పింది.

మళ్ళీ క్రిస్మస్ వచ్చేసరికి బుచ్చమ్మ పెరట్లో జాలీ లేదు. దుడ్డె మల్లెచెట్టును కరకర నములుతుంటే ఆమె తాడు పట్టుకుని మురిపెంగా చూస్తోంది. రాహేలు సంచీతో గోడ దగ్గరికి వచ్చింది.

"అక్కా, నేను బిడ్డ ఇంటికి పోతున్న. దుడ్డెను జర మా దిక్కు గూడ తోలరాదూ."

"దానికి కడుపు నొస్తుంది. ఆకు తినద్దన్నడు డాక్టరు."

దుడ్డె నోట్లోంచి మల్లె ఆకు వేలాడుతోంది. రాహేలు దాన్ని చూసింది, బుచ్చమ్మను చూసింది, నవ్వింది.

"సరే తియ్. గేటు తీసే పెట్టి పోతున్నలే. పోయినేడు వచ్చిన గొడ్డుకు మస్తు తెలివక్కా. మేసి, బయటికొచ్చి, గడియ గూడ పెట్టిపోయింది."

రాహేలు ఎక్కిన ఆటో మలుపు తిరిగేదాకా బుచ్చమ్మ చూస్తూ నిలబడింది. అంటే ఇదంతా తెలిసే ఆ బుట్ట తెచ్చిందన్నమాట. పూలు చాలవన్నట్టు, ఇప్పుడు ఆ మనిషి మంచితనానికి కూడా కుళ్ళుకోవాల్సి వచ్చింది. అందులోనూ వెనకబడి ఉండటం బుచ్చమ్మ వల్ల కాలేదు. దుడ్డెను తాడు పట్టి బయటికి లాగింది. పట్టపగలే, అందరూ చూస్తుండగా, ఎదురింటి గేటులోకి తోలింది.

సగం చెట్టు మేయగానే వెనక్కి లాక్కొచ్చింది.