పాదాల మీంచి పీట మీదికి

"నేను పోయినంక వాడు యాడ కూసుంటాడక్కా? ముందు అది చెప్పు."

రహమత్‌బీ చేతులు పాలకూర తుంచుతూనే ఉన్నాయి. సౌదీలో, మలాజ్ పేటలోని మా పాత భవనంలో ఆమెది రెండో అంతస్తు, నాది కింది వాటా. మధ్యాహ్నాలు ఆమె వంటగది గుమ్మంలో కూర్చుని ఆమె చేత మాట్లాడించడం నాకు అలవాటు.

వాడంటే నోయెల్. ఆమె ఎదురు వాటాలో ఉండే రూబీ కొడుకు, ఇంకా మూడేళ్ళు నిండలేదు. రూబీది రేపల్లె, ఇక్కడ నర్సు. భర్త దూరంగా జుబైల్లో పని చేస్తూ సెలవులకే వస్తాడు. డ్యూటీకి పోతూ ఆమె బిడ్డను రహమత్‌బీకి అప్పగించి వెళుతుంది. వాడికి ఆమె బీబమ్మ.

రహమత్‌బీది కడప పక్క పల్లె. ఆమె భర్త దిలావర్ బట్టల దుకాణంలో తల నెరిసేదాకా పని చేశాడు. ఆ పనులు ఇక సౌదీ వాళ్ళకే అంది ఇక్కడి ప్రభుత్వం. యజమాని ఆయన్ను సులైలోని గోదాముకు మార్చాడు. ఇంటిమనిషి ఇక్కడ ఉండడానికి ప్రభుత్వానికి కట్టాల్సిన ఫ్యామిలీ ఫీజు చూస్తే ఏటా పెరుగుతోంది. చివరికి ఆమెకు ఎగ్జిట్ వేయించి ఊరికి పంపేసి, తాను గోదాము వాళ్ళ గదిలో సర్దుకోవాలని దిలావర్ నిర్ణయించాడు. నెలాఖరుకు టికెట్టు.

రూబీకి మిగిలిన దారి రెండు సందుల అవతలి నర్సరీ. డైపర్ లేకుండా, దొడ్డికి తమంతట తాము కూర్చునే పిల్లలనే చేర్చుకుంటామన్నారు వాళ్ళు. లేకపోతే నోయెల్‌ను రేపల్లెలో అమ్మమ్మ దగ్గరికి పంపాలి. తల్లి ఇక్కడ, బిడ్డ అక్కడ.

డైపరైతే రహమత్‌బీ ఎప్పుడో మాన్పించింది. మన ఇళ్ళల్లో చేసినట్టే, బాత్రూం గచ్చు మీద కాళ్ళు చాపి, పాదాలు కాస్త ఎడం చేసి, వాటి మీద వాణ్ణి కూర్చోబెట్టుకుని చేతులు పట్టుకునేది. ఒకసారి రూబీ కింద అరబీ పేపరు పరవబోతే లాక్కుంది. "అల్లా పేరుంటాదమ్మా దాంట్లో, నీ పుణ్యముంటాది!"

వాడు చక్కగా అలవాటు పడ్డాడు, కానీ ఆ పాదాలకే అలవాటు పడ్డాడు. సెలవు రోజున తల్లి కమోడ్ మీద కూర్చోబెడితే కాళ్ళు గాలిలో వేలాడాయి. భయపడి బిగబట్టాడు. మలం గట్టిపడి నొప్పి చేసింది, ఆ నొప్పికి ఇంకా బిగబట్టాడు. అన్నం మానేసి పాలసీసా పట్టుకున్నాడు.

"పాలు తగ్గిద్దాం ఆంటీ," అంది రూబీ, యూనిఫాం కూడా విప్పకుండా. "పొట్ట నిండా పాలే ఉంటే అన్నం ఎక్కడికి దిగుద్దండీ? డాక్టరు గారు సిరప్ ఇచ్చారు. తిండి మీ చేతుల్లో పని."

ఆ రోజు నుంచి ఆ వంటగది నోయెల్ కోసమే నడిచింది. పాలకూర పప్పు, రాగి సంగటి, బొప్పాయి, నానబెట్టి మెదిపిన ఖర్జూరం. ఇదివరకు ముద్దలు చేసి గిన్నె పట్టుకుని గది గదికీ వాడి వెంట తిరిగేది. అది మానేసింది. వాడికో పళ్ళెం పెట్టి, తన పళ్ళెం ముందు తాను కూర్చునేది. తల్లి నేర్పిన ప్రార్థన వాడు మరిచిపోతే, "ఆమెన్ అంటివా?" అని గుర్తు చేసేది. మొదట్లో వాడు తిన్నదాని కంటే తివాచీ తిన్నదే ఎక్కువ.

"గోడకు గూడా పూసినాడు గదే, సున్నమేసినట్ల," అన్నాడు దిలావర్. "నీ బిడ్డల్ను సాకేటప్పుడు గూడా ఇంత పాట్లు పడలే నువ్వు."

"అప్పుడు ఇడిసిపెట్టి పోవల్సిన పని పడలే."

దిలావర్ గుడ్డ తెచ్చి గోడ తుడిచాడు.

తర్వాత పీట. మధ్యలో రంధ్రం, కింద గిన్నె ఉన్న ఎత్తు తక్కువ ప్లాస్టిక్ పీట. నేల మీద పెడితే వాడు తన్నేశాడు. రహమత్‌బీ దాన్ని తన పాదాల మీదే పెట్టుకుని వాణ్ణి కూర్చోబెట్టింది. పాదాలు తిమ్మిరెక్కినా కదలలేదు. కొన్నాళ్ళకు ఒక పాదం తీసింది, ఇంకొన్నాళ్ళకు రెండోది. చేతులు పట్టుకోవడం పోయి వేలు మిగిలింది. ఆ తర్వాత గుమ్మంలో కూర్చోవడం.

ఇక గట్టెక్కామనుకుంటుండగా ఆమె పెట్టె సర్దడం మొదలుపెట్టింది. తెరిచిన పెట్టె చూసిన రోజు నుంచి వాడు మళ్ళీ నిక్కరు తడుపుకున్నాడు, మళ్ళీ బిగబట్టాడు. రూబీ మెట్ల మీద కూలబడి ఏడ్చింది. "రేపల్లె పంపేస్తానండీ ఆంటీ. నా వల్ల కాదు."

"తడిపితే తుడుసుకుందాం తల్లీ. దానికి ఏడుస్తారా ఎవురన్నా?"

మరునాడు ఆ పెట్టె నా మంచం కిందికి వచ్చింది. ఆమె మళ్ళీ పాదాల దగ్గర నుంచి మొదలుపెట్టింది. ఈసారి వాడు త్వరగానే పీటకు దిగాడు.

నిన్న నేను పైకి వెళ్ళేసరికి రహమత్‌బీ బాత్రూం బయట, తలుపు మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంది. బొప్పాయి తిని వాడే లేచి వెళ్ళాడట. ఆమె వెనకే వెళితే తల ఎత్తి చూసి, "బీబమ్మా, నువ్వు పో," అని తలుపు తోశాడట.

"సంతోషమే కదా," అన్నాను.

"సంతోషం కాకుండ ఎట్లుంటాదక్కా. దాని కోసరమే గదా ఇంత సేసింది." మళ్ళీ అంది, "పో అన్యాడక్కా నన్ను."

లోపల నోయెల్ తనలో తాను ఏదో పాడుకుంటున్నాడు. ఆమె తలుపు మీది చెయ్యి తీయలేదు.

ఈ మధ్యాహ్నం నన్ను కూర్చోనివ్వలేదు.

"రేప్పొద్దున వాణ్ణి నర్సరీకి నువ్వే తీసకపోక్కా. రూబీకి డ్యూటీ. నేనొస్తే నా సంక దిగడు. కూసున్నప్పుడు వాని కాళ్ళు నేలకు ఆనల్లని ఆడ టీచరమ్మకు చెప్పు. నీళ్ళు అడగడు వాడు, వాళ్ళే తాపల్ల. గేటు కాడ ఏడిస్తే నువ్వు నిలబడొద్దు, వచ్చెయ్. నేను ఊరికి పోయినంక ఫోన్ సేస్తావు గదా, ఏడ్సినాడని మాత్రం నాకు చెప్పొద్దు. తిన్యాడా, దొడ్డికి పోయినాడా, ఆ రెండే చెప్పు. ఇంక పో, రూబీ డ్యూటీకి దిగకముందే నర్సరీకి ఎన్నింటికి పోవల్నో అడుగు, పో."